పటము కథ నుండి టెలివిజను వరకు

ఈ సంవత్సరపు సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసమొకటి వ్రాసి యిమ్మని మన సంఘ కార్యదర్శిగారు నన్ను కోరిరి. చరిత్ర యనగానే పాఠకులు మార్కండేయ మహర్షినో, మిల్లుల స్థాపననో, 1931 జనవరి 12వ తేదీన ఎరవాడ చెరసాలలో ఉరికంబమెక్కిన మన పట్టణపు నలుగురు హుతాత్ములనో స్మరింతురు. ఆ విషయములను నాకంటె బాగుగా నెరిగిన పెద్దలు మనలో గలరు. నేను మెట్రిక్ వరకు చదివి, నలువది సంవత్సరములకు పైగా జమాఖర్చుల పుస్తకములు వ్రాసి, విశ్రాంతి గైకొనిన గుమాస్తాను. కనుక నా కన్నుల యెదుట, నా యింటిలోనే జరిగిన చరిత్ర నొకదానిని వ్రాయ నెంచితిని. అది మన యిండ్లలోనికి టెలివిజను వచ్చిన చరిత్ర.

"టెలివిజనుకు కూడ చరిత్ర యేమిటి?" అని నవ్వువారుందురు. నవ్వుదురు గాక. ముప్పది సంవత్సరములకు పైగా అట్లు నవ్వినవారిలో నేను మొదటివాడను. ఆ పెట్టెను పనిలేనివారి పెట్టె యంటిని. దాని ముందు కూర్చుండువారిని, అందును ముఖ్యముగా నా యింటివారిని, ఎన్నియో మాటలంటిని. అరువదవ యేట నా యభిప్రాయము మారినది. ఎట్లు మారినదో చెప్పుటకు ముందు, కొంత వెనుకటి కథ చెప్పవలసియున్నది.

మన రాక

మనవారు షోలాపురమునకు వచ్చిన వృత్తాంతము పెద్దలకు తెలిసినదే యైనను పిల్లల కొరకు నాలుగు మాటలు వ్రాయుచున్నాను. నిజాము రాజ్యములోని కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబ్‌నగరము ప్రాంతముల నుండి పద్మశాలీయులు చేతి విద్యను నమ్ముకొని పడమటికి కదలిరి. కరవులు కొంత, మిల్లు బట్టల పోటీ కొంత వారిని ఊళ్ళు విడిపించినవి. 1860లో రైలుదారి షోలాపురమును చేరినది. 1877లో ఇచ్చట మొదటి బట్టల మిల్లు, మనమందరము పాత మిల్లు అని పిలుచునది, నడువసాగెను. వచ్చినవారి వెంట బంధువులు, బంధువుల వెంట ఊరివారు వచ్చిరి. పట్టణపు తూర్పుభాగము తెలుగు మాటతో, మగ్గపు చప్పుడుతో నిండెను. భావనాఋషి ధర్మపత్నియగు భద్రావతి పేరిట నొక పేటయే వెలసినదనిన, మనవారిచ్చట ఎంత లోతుగా వేరూనిరో తెలియగలదు. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయస్వామి రథము వెంట నడచు జనమును చూచినచో ఇది తెలుగుదేశమా, మహారాష్ట్రమా యని క్రొత్తవారు భ్రమపడుదురు.

మగవారు గుంత మగ్గముల మీద, పిమ్మట మిల్లులలో, అటుపిమ్మట మరమగ్గముల మీద పనిచేసిరి. షోలాపురపు చద్దరులు, టవళ్ళు దేశమంతట పేరుపొందినవి. మిల్లులు క్రమముగా మూతపడినవి. ఆడువారు ఇండ్లలో కూర్చుండి బీడీలు చేసి సంసారములు నిలిపిరి. 1966లో బీడీ కార్మికుల చట్టము, 1976లో వారి సంక్షేమనిధి చట్టము వచ్చినవి. వారి నివాసముల కొరకు గృహనిర్మాణ పథకములును పుట్టినవి. మన విడీ ఘర్కుల్ పేరే దాని కథ చెప్పును. మరాఠీ భాషలో విడీ యనిన బీడీ, ఘర్కుల్ అనిన చిన్న గూడువంటి యిల్లు. కుంభారి వద్ద గోదూతాయి పరుళేకర్ పేరు పెట్టిన పదివేల యిండ్ల వసతి 2006లో అప్పటి ప్రధానమంత్రి డాక్టరు మన్మోహన్ సింగు చేతులమీదుగా కార్మిక స్త్రీలకు అందినది. మేము నివసించు ఇల్లు కూడ నా భార్య పేరిట, ఆమె బీడీల కష్టము మీద వచ్చినది. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. నేను టెలివిజనును నిందించిన యిల్లు నాది గాదు.

పటము కథ

సినిమా, రేడియో రాకముందు మనవారికి దృశ్య వినోదము లేదనుకొనుట పొరపాటు. పద్మశాలీయుల నాశ్రయించి బ్రదుకు కూనపులివారు తెలంగాణమున ఊరూర తిరిగి మార్కండేయ పురాణమును, భావనాఋషి చరిత్రమును చెప్పెడివారు. వారి వెంట బొమ్మల పటముండెడిది. చేర్యాల నకాషీ చిత్రకారులు వ్రాసియిచ్చు ఆ పటము మూడడుగుల వెడల్పు, నలువది యేబది యడుగుల నిడివి గలది. నూలు బట్టకు గంజి, తెల్లమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి, ఆరిన పిమ్మట ఎర్రని నేల మీద బొమ్మలు దిద్దుదురు. బట్టకు గంజి పెట్టుట మనకు క్రొత్తయా? మనవారు నేసిన బట్టయే తిరిగి మన కులకథకు నేలయై మన వాకిటికి వచ్చెడిది.

కథ చెప్పు పద్ధతి గమనింపదగినది. చుట్టియుంచిన పటమును వ్రేలాడదీసి, ఒక్కొక్క వరుసయే విప్పెడివారు. విప్పిన వరుసలోని బొమ్మను పుల్లతో చూపుచు ఒకరు పాడగా మరియొకరు వంత పలికెడివారు. ముందు రాబోవు బొమ్మ చుట్టలోనే దాగియుండెడిది. కథ ఒక్క రాత్రితో ముగియదు. మా నాయన చిన్నతనమున తన యూరిలో చూచిన దానిని మాకు చెప్పెడివాడు. తామర తూండ్ల నారతో లోకమునకు వస్త్రమిచ్చిన భావనాఋషి రాక్షసునితో తలపడు ఘట్టము రాగానే పటమును చుట్టివేసి, మిగిలినది రేపు చెప్పెదమనిరట. ఆ రాత్రి తనకు నిద్రపట్టలేదని ఆయన వృద్ధాప్యమున కూడ చెప్పి నవ్వెడివాడు.

మనము స్థిరపడిన మహారాష్ట్రమున కూడ ఇట్టి విద్య గలదు. సావంతవాడి సమీపమున పింగుళి గ్రామపు ఠాకరులు బొమ్మల రేకుల నొకదాని వెనుక నొకటి చూపుచు రామాయణ భారత కథలు చెప్పుదురు. దానికి చిత్రకథి యని పేరు. కనుక బొమ్మను చూపుట, ప్రక్కన నొకరు కథ చెప్పుట, ఉత్కంఠ గల చోట ఆపి మరునాటికి పిలుచుట యను మూడు పద్ధతులును మన దేశమున టెలివిజనుకు ఎంతయో ముందున్నవని తేలుచున్నది.

రేడియో కాలము

షోలాపురమునకు వలస వచ్చినవారికి కూనపులివారి కథ అరుదయ్యెను. ఆ వెలితిని కొంత సినిమా, కొంత రేడియో తీర్చినవి. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన వెలసినది. హైదరాబాదులోని దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసినది. మా నాయన కొనిన రేడియోకు ఏటేట పోస్టాఫీసున రుసుము చెల్లించి లైసెన్సు పుస్తకమున ముద్ర వేయించుట నా పనిగా నుండెను. రాత్రివేళ ముల్లు త్రిప్పి త్రిప్పి హైదరాబాదు కేంద్రమును పట్టుకొనువారము. బాలానందము, కార్మికుల కార్యక్రమము వినుట కొరకు ఇరుగుపొరుగువారు మా వాకిట చేరెడివారు. లంక నుండి వచ్చు తెలుగు పాటలును, మీనాక్షి పొన్నుదురైగారి కంఠమును మా ఈడువారెవరును మరువజాలరు. ఆమె మాట వినినప్పుడు, మనవలె పరాయి భాషల నడుమ తెలుగు పలుకువారు సముద్రమున కావల కూడ నున్నారని మాకు ధైర్యము కలిగెడిది.

పెట్టె వచ్చుట

మన దేశమున టెలివిజను 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో ప్రయోగముగా మొదలైనది. తొలుత వారమునకు రెండు దినములే ప్రసారము. 1965 నుండి దినదినము సాగినది. 1972 అక్టోబరు 2వ తేదీన బొంబాయి కేంద్రము వెలసినది. కాని దాని యలలు షోలాపురమునకు చాలవు.

1975 ఆగస్టు 1వ తేదీ నుండి 1976 జూలై 31వ తేదీ వరకు ఒక గొప్ప ప్రయోగము జరిగినది. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహము నాధారము చేసికొని, మన అంతరిక్ష పరిశోధన సంస్థవారు ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను చూపిరి. పది యడుగుల వెడల్పు గల జల్లెడ వంటి తీగల గొడుగు నొకదానిని ప్రతి గ్రామమున నిలిపి, ఆకాశము నుండి నేరుగా బొమ్మను దింపిరి. ఆంధ్రప్రదేశమున తెలుగులోను, కర్ణాటకమున కన్నడములోను వ్యవసాయము, ఆరోగ్యము, పిల్లల చదువు గూర్చిన కార్యక్రమములు వచ్చినవి. మనకు పొరుగుననున్న గుల్బర్గా, బిజాపూరు జిల్లాల పల్లెలు అందులో నుండెను. మహారాష్ట్రము ఆరింటిలో లేదు. అప్పుడు నేను మెట్రిక్ పరీక్షకు చదువుచుంటిని. గుల్బర్గా వైపు నుండి వచ్చిన చుట్ట మొకడు, తమ సమీపపు పల్లెలో బడి ముందర ఊరంతయు కూర్చుండి బొమ్మలు చూచుచున్నారని చెప్పగా మేము నమ్మలేదు. పట్టణమున నున్న మాకు లేనిది పల్లెకు వచ్చుట ఎట్లని వాదించితిమి.

1977 అక్టోబరు 23వ తేదీన హైదరాబాదు కేంద్రము వెలసినది. 1982లో రంగుల ప్రసారము, దేశమంతటికి ఒకే కార్యక్రమము ఆరంభమైనవి. ఆ యేడు నవంబరులో ఆసియా క్రీడలు జరిగినవి. 1984 జూలై మొదలుకొని నాలుగు మాసముల కాలము సగటున దినమున కొకటి చొప్పున దేశమున ప్రసార స్తంభములు లేచినవి. ఆ యేడు జూలై 7వ తేదీననే "హమ్ లోగ్" అను ధారావాహిక మొదలైనది. 156 భాగములు నడచి 1985 డిసెంబరు 17వ తేదీన ముగిసినది. దాని పుట్టుక విచిత్రమైనది. అప్పటి సమాచార మంత్రి వసంత్ సాఠేగారు మెక్సికో దేశమునకు పోయినప్పుడు, అచ్చట కుటుంబ కథల ద్వారా జనులకు చదువు, కుటుంబ నియంత్రణము బోధించు పద్ధతిని చూచి వచ్చిరి. దాని ననుసరించి మనోహర్ శ్యామ్ జోషీగారిచే ఈ కథ వ్రాయించిరి. ప్రతి భాగము చివర వృద్ధ నటుడు అశోక్ కుమార్ కనబడి కథలోని మంచిచెడ్డలు విప్పి చెప్పెడివాడు. పటము ప్రక్క పుల్ల పట్టుకొని నిలుచున్న కూనపులి పెద్దకును, ఆయనకును భేదమేమి?

అమెరికాలో 1930ల నాడు రేడియోలో వచ్చిన ఇట్టి కుటుంబ కథలకు సబ్బుల కంపెనీలు సొమ్ము పెట్టినందున వానికి "సబ్బు నాటకములు" అను పేరు నిలిచినదట. కథ ఆగిన చోట సరకు అమ్ముట అచ్చటి పద్ధతి. కథ ఆగిన చోట పళ్ళెము త్రిప్పి బియ్యము, పాత బట్టలు అడుగుట ఇచ్చటి పద్ధతి.

మా అవ్వ

1987 జనవరి 25వ తేదీ ఆదివారమున రామానంద సాగర్‌గారి రామాయణము మొదలైనది. 78 భాగములు నడచి 1988 జూలై 31వ తేదీన ముగిసినది. ఆదివారపు ప్రొద్దున తొమ్మిదిన్నర గంటలకు మన పేటలలో మగ్గములు నిలిచిపోయెడివి. టెలివిజను గల యిండ్లు వీథికి రెండు మూడు మాత్రమే. ఆ యిండ్లవారు పెట్టెకు పూలమాల వేసి, ఊదువత్తి వెలిగించి, వాకిలి తెరచి యుంచెడివారు.

అప్పుడు మేము ఒంటి గది యద్దె యింట నుంటిమి. మా అవ్వ ప్రతి ఆదివారము స్నానము చేసి, ఉతికిన చీర కట్టుకొని, పొరుగువారి గడప వద్ద కూర్చుండుటకు పోయెడిది. హిందీ ఆమెకు సగమే తెలియును. రామకథ యంతయు తెలియును గనుక భాషతో పనిలేకపోయెను. ఒక పెట్టె కొనుమని ఆమె నన్నొక్కసారి యడిగినది. చెల్లెలి పెండ్లి అప్పు తీరలేదని చెప్పితిని. అది నిజమే. కాని అంతటితో నూరకుండక, రామాయణము పుస్తకమున చదువుకొనవలె గాని పెట్టెలో చూచునది కాదని కూడ అంటిని. మా అవ్వకు చదువు రాదు. ఆ సంగతి నేనెరుగుదును. ఆమె మరి అడుగలేదు.

ఒక ఆదివారము పొరుగువారింటికి చుట్టములు వచ్చి గది నిండిపోగా, గాలికో యెండకో తలుపు మూసిరి. మా అవ్వ తిరిగివచ్చి, గోడ నానుకొని కూర్చుండి, బీడీ ఆకు కత్తిరింపసాగెను. నేను పత్రిక చదువుచు చూచితిని. ఏమియు నడుగలేదు.

1989లో అప్పు తీరిన పిదప నలుపు తెలుపు పెట్టె నొకటి కొంటిని. అప్పుడు చోప్రాగారి మహాభారతము నడచుచుండెను. 1988 అక్టోబరు 2వ తేదీన మొదలై 94 భాగములు సాగి, 1990 జూన్ 24వ తేదీన అది ముగిసినది. పెట్టె వచ్చునప్పటికి మా అవ్వ కన్నులకు పొర కమ్మినది. వెలుగు తప్ప రూపము తెలియని స్థితి. ఆదివారము నా భార్య చేట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టుచు, మధ్య మధ్య తెర వైపు చూచి, అత్తకు కథ తెలుగులో చెప్పెడిది. నేను ఆ సద్దు పడక పత్రిక తీసికొని బయటి అరుగు మీద కూర్చుండెడివాడను. 1990 మార్చిలో, కురుక్షేత్ర యుద్ధము ముగియకముందే, మా అవ్వ కాలముచేసినది.

తెలుగు చానళ్ళు

1991 తరువాత తీగల ద్వారా వచ్చు చానళ్ళు పట్టణములకు ప్రాకినవి. 1995లో జెమినీ టీవీ, ఆ యేడే ఆగస్టు 27వ తేదీన ఈటీవీ తెలుగులో ప్రసారములు ప్రారంభించినవి. మనవంటి ప్రవాసాంధ్రులకు ఈ సంవత్సరము మరువరానిది. ఆంధ్ర రాష్ట్ర మేర్పడినను, విశాలాంధ్ర మేర్పడినను షోలాపురపు తెలుగువారికి ఇంటిలో వినబడు తెలుగు పెరుగలేదు. బడిలో మరాఠీ, బజారులో మరాఠీ, కన్నడము, హిందీ. తెలుగు బడులలో పిల్లలు ఏటేట తగ్గుచుండిరి. అట్టి సమయమున తెలుగు భాష ప్రొద్దుననుండి రాత్రి వరకు వంటయింటిలోనికి వచ్చినది.

మన విడీ ఘర్కుల్‌లో ఆ మధ్యాహ్నములు నాకు కన్నులకు కట్టినట్లున్నవి. వేయి బీడీల పని ఉదయము మొదలు పెట్టి సాయంకాలమునకు ముగింపవలెను. తునికాకు తడిపి, కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, దారము కట్టి, మూతి మడువవలెను. చేతులకు పని యెరుకయే గనుక కన్నులు, చెవులు ఖాళీ. నలుగురైదుగురు స్త్రీలు ఒక యింట చేరి, చేటలు ఒడిలో పెట్టుకొని, తెలుగు ధారావాహికలు చూచుచు పని సాగించెడివారు. కోడలి కష్టమునకు కన్నీరు పెట్టెడివారు, అత్తను తిట్టెడివారు, రేపేమగునో పందెములు వేసెడివారు. వ్రేళ్ళు మాత్రము ఆగెడివి కావు.

నేను సాయంకాలము ఇంటికి వచ్చి, "ఈ యేడుపుగొట్టు కథలేమి?" అని పెట్టె కట్టివేసెడివాడను. ఆమె మారు పలుకక కట్టలు లెక్కపెట్టుకొనెడిది. ఆ కట్టల లెక్క మీదనే మా పిల్లల చదువు, ఈ యిల్లు నిలిచినవని నా జమాఖర్చు బుద్ధికి తోచలేదు.

2020వ సంవత్సరము

నేను 2018లో విశ్రాంతి గైకొంటిని. 2020 మార్చి 25వ తేదీ నుండి దేశమంతయు తలుపులు మూసికొనినది. మరమగ్గములు నిలిచినవి, బీడీ కార్ఖానాలు మూసిరి. గ్రంథాలయము లేదు, టీ దుకాణపు అరుగు లేదు, పత్రిక కూడ కొన్నాళ్ళు రాలేదు. జీవితమున మొదటిసారి నా భార్య చేతులు ఊరక యుండెను. ఆ నెల 28వ తేదీన దూరదర్శనువారు రామాయణ, మహాభారతములను మరల ప్రసారము చేయ మొదలిడిరి. ఏప్రిల్ 16వ తేదీ నాటి రామాయణ భాగమును 7.7 కోట్ల మంది చూచిరని దూరదర్శను ప్రకటించినది. ఆ 7.7 కోట్లలో నేనొకడను.

మొదటి దినము వేరే పనిలేక కూర్చుంటిని. రెండవ దినము గంట చూచి కూర్చుంటిని. వారము తిరుగకముందే ఉదయము తొమ్మిది గంటలకు ముందే స్నానము చేసి కుర్చీ సరిచేసికొనువాడనైతిని. ఇంత నెమ్మదిగా నడచు కథ నేనెందుకు చూచుచున్నానని నన్ను నేనే ప్రశ్నించుకొంటిని. ఒక్కొక్కరి మొగముపై నిలిచి నిలిచి సాగు ఆ నడక, చిన్నతనమున నాయన వర్ణించిన పటము నడకయే. తెలిసిన కథను మరల చూచుటలో, రాబోవునది తెలిసియు ఎదురుచూచుటలో నొక సుఖమున్నది. లెక్కల పుస్తకములలో అట్టి సుఖము నాకెన్నడు దొరకలేదు.

అటుపిమ్మట మహాభారతమున ద్రౌపదీ వస్త్రాపహరణ ఘట్టము వచ్చిన దినమున నా భార్య తనలో తాను నవ్వసాగెను. అంత దుఃఖ ఘట్టమున నవ్వెందుకని యడిగితిని.

"అవ్వ యాదికొచ్చె," అనెను. "అవ్వకు కండ్లు కానరాకపాయె గదా. చీర ఏ రంగు, అంచు ఎట్లున్నదని ఒక్కటే అడుగుతుండె. మన టీవీల రంగులేడున్నయి? నేనే చెప్తుంటి. ద్రౌపదమ్మది చిలకపచ్చ చీర, ఎర్రంచు అని చెప్పిన. ఇప్పుడు చూస్తే వేరే రంగుండె."

"అవ్వ నమ్మెనా?"

"నమ్మకేం. అంత చీర ఏ మగ్గం మీద నేసిన్రో, ఎంత నూలు పట్టెనో అని లెక్క పెట్టుకుంట కూసునె. మీరు అరుగు మీద ఉంటిరి."

నేను మాటాడలేకపోతిని. కన్నులు కనబడని నేతగత్తెకు రంగులేని పెట్టెలో రంగు చూపినది నా భార్య. చేత పుల్ల లేదు, చేట యున్నది. అంతే భేదము. ఆ ముప్పది సంవత్సరములు నా యింటిలో పటము కథ జరుగుచునే యుండెను. నేను గడప కావల కూర్చుండి దానిని నిందించుచుంటిని.

పాడిన పిల్లలు

ఆ వేసవిలోనే నేను తెలుగు కార్యక్రమములను కూడ చూడసాగితిని. నన్ను మిక్కిలి ఆకట్టుకొనినది "పాడుతా తీయగా". 1996 నుండి ఈటీవీలో వచ్చుచున్న ఈ పాటల పోటీని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు నడపిరి. నేను విన్నది పాటలను మాత్రమే కాదు. ఒక పిల్ల "ళ"కు బదులు "ల" పలికినను, "శ", "ష", "స"లను కలగలిపినను, ఆయన ఆపి, చిరునవ్వుతో సరిదిద్ది, ఆ పాట వ్రాసిన కవి పేరు, స్వరపరచిన వారి పేరు చెప్పి, మరల పాడించెడివారు. మన పిల్లలకు తెలుగు పంతులు దొరకని ఈ యూరిలో అంతకు మించిన పంతులెవరు? నా భార్య ఆ పంతులు వద్ద ఇరువదేండ్లుగా చదువుకొనుచున్నది. నేనెరుగని పాత పాటల కవుల పేర్లు ఆమె తడుముకొనక చెప్పగా విస్తుపోతిని.

2020 సెప్టెంబరు 25వ తేదీన బాలసుబ్రహ్మణ్యంగారు మదరాసున పరమపదించిరి. ఆ సాయంకాలము మా వరుసలోని యిండ్లలో ఆయన పాటయే వినవచ్చినది. పొయ్యి వెలిగించుటకు ఆలస్యమైనను ఎవరును అడుగలేదు.

మరాఠీ బడిలో చదువు నా మనుమరాలు ఆ నెలలలో మా వద్దనే యుండెను. తెర యడుగున పరుగెత్తు వార్తల వరుసను చూచి, "తాతా, ఇదేం అచ్చరం?" అని యడుగ మొదలిడినది. నేను చెప్పునంతలో ఆ యక్షరము వెళ్ళిపోయెడిది. మరల వచ్చువరకు కాచుకొనెడివారము. వచ్చిన వెంటనే ఆమె చప్పట్లు కొట్టి పట్టుకొనెడిది. ఈ రీతిగా మూడు మాసములలో తెలుగు అక్షరములన్నియు నేర్చినది. పలకయు, పుస్తకమును ఇచ్చి నేను రెండేండ్లు యత్నించి విఫలుడనైన పని యిది.

మంచిచెడ్డలు

అన్నియు మేలే యని చెప్పుట నా యుద్దేశము గాదు. నేటి ధారావాహికలలో కథ ఏండ్ల తరబడి సాగదీయబడుచున్నది. అత్తాకోడండ్ర పగలు, విషప్రయోగములు మితిమీరినవి. రెండు గదుల యింట కూర్చున్న బీడీ కార్మికురాలు పట్టుచీరలతో నిదురించు స్త్రీలను దినమంతయు చూచుట మంచిదని యెవరనగలరు? ఒకే వాకిట వీథి యంతయు చేరు కాలము పోయి, ఒకే యింట నలుగురు నాలుగు చేతి ఫోనులు చూచుకొను కాలము వచ్చినది. పటము కథకు ఊరు కావలెను. టెలివిజనుకు ఇల్లైనను కావలెను. చేతి ఫోనుకు ఎవరును అక్కరలేదు. ఇదియే నాకు భయము.

కూనపులివారి పటములు నేడు పూర్వమువలె ఊరూర విప్పబడుటలేదు. వానిలో కొన్ని వస్తు ప్రదర్శనశాలలలో గోడల మీద నున్నవి. కథ చెప్పువారు లేని పటము ఎంత అందమైనదైనను సగమే. అట్లే, ప్రక్కన కూర్చుండి మాట కలుపువారు లేని టెలివిజను వట్టి వెలుగు మాత్రమే. పెట్టె మంచిదా చెడ్డదా యని నేను ముప్పదేండ్లు తర్కించితిని. దాని ముందు ఎవరి ప్రక్కన ఎవరు కూర్చున్నారని ఒక్కనాడు చూడలేదు.

కావున మన సంఘ కుటుంబములకు నాదొక చిన్న మనవి. వారమున కొక్క దినమైనను ఇంటిల్లిపాదియు ఒకే తెలుగు కార్యక్రమమును కలిసి చూడుడు. చూచిన పిదప దానిని గూర్చి తెలుగులోనే మాటాడుడు. చూపు మందగించిన పెద్దలు ఇంట నున్నచో ప్రక్కన కూర్చుండి రంగులు చెప్పుడు. బీడీ చుట్టు తల్లి చెప్పు కథను పనిలేని కథ యనకుడు.

మా యింట కుర్చీలు రెండున్నవి. ఇప్పుడు నా భార్యకు బీడీల పని తగ్గినది, నాకు కంటి పొర మొదలైనది. రాత్రి తొమ్మిది గంటలకు ఆమె పిలుచును: "ఇగో, షురువైతున్నది, రాండ్రి." నేను పత్రిక మడిచి లోపలికి పోవుదును. తెర సరిగా ఆననప్పుడు చీర ఏ రంగని అడుగుదును. ఆమె చెప్పును. అది నిజమైన రంగో కాదో నేను విచారింపను.